పలుపు లేని గిటారు

నాది మగగొంతు. ఇది నేను పెట్టుకున్న పేరు కాదు, ఊరు పెట్టిందే. నేను టీచర్ని, బళ్ళో "నోళ్ళు ముయ్యండి" అంటే మా తరగతితోపాటు పక్క తరగతి కూడా మూసేది. ఒకసారి పెళ్లిచూపులకొచ్చిన వాళ్ళు దేవుడి పాట ఒకటి పాడమంటే పాడాను. పెళ్లికొడుకు నాయనమ్మకు చూపు ఆనదు. పాటంతా విని, "పిల్లోడు బాగా పాడాడు, ఇక పిల్లను పాడమనండి" అన్నది. ఆ సంబంధం అక్కడితో సరి. ఆ తరవాత వచ్చినవాళ్ళను కాఫీలిచ్చి పంపించాం కానీ పాట దాకా రానివ్వలా.

రెంటచింతల పక్కన మాది చిన్న ఊరు. ఊళ్ళో సగంమందిమి గుడికి పోయే కిరస్తానీ కాపురాలే. పూజలో లాటిన్ పోయి తెలుగు పాటలొచ్చిన కొత్తలో మాకు ఒక పాటల మాస్టారు ఉండేవాడు. హార్మోనియం వాయించేవాడు, కోపం ముక్కు మీద ఉండేది. గుళ్ళో మగాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. ఆడవాళ్ళ వరసలో నేను నోరు తెరిస్తే మాస్టారు హార్మోనియం ఆపి మగాళ్ళ వైపు చూసేవాడు, ఎవడ్రా అని. మూడో ఆదివారం సంగతి కనిపెట్టాడు. "అమ్మాయ్, నువ్వు పెదాలు ఆడించు, చాలు. దేవుడికి అర్థమవుతుందిలే" అన్నాడు. ఎనిమిదేళ్ళు ఆడించా. పాటలంటే ప్రాణం పెట్టే మనిషిని ఎనిమిదేళ్ళు చేపలాగా నోరు తెరిచి మూయమంటే ఎట్లా ఉంటుందో ఆయనకేం తెలుసు!

డెబ్బైల మొదట్లో ఒక పండక్కి విజయపురి సౌత్‌లో డ్యామ్ కాలనీ వాళ్ళు పాటకచేరి పెడితే మా బళ్ళో టీచర్లమంతా కలిసి పోయాం. అక్కడ స్టేజీ మీద ఒక దొర నాలుగు తీగల బేస్ గిటారు వాయించాడు. డ్యామ్ పనిలో క్రేన్ల మెకానిక్కు, మద్రాసు ఆంగ్లో ఇండియన్. టీచరు ట్రైనింగులో ఒక సిస్టర్ గారి దగ్గర మామూలు గిటారు నాలుగు నెలలు నేర్చుకున్నదాన్నే, కానీ ఇట్లాంటి మోత నేను వినలా. లావుగా, కిందగా, నేలలోంచి వచ్చినట్టు. నా గొంతే అది. అందరూ ఆ గొంతుకు చప్పట్లు కొడుతున్నారు. నా పక్కన కూర్చున్న హిందీ టీచరు "ఏందే, ఏడుస్తున్నావా?" అన్నది. నలుసు పడిందని చెప్పా.

తెల్లారి మాస్టారి దగ్గరకు పోయి, "గుడికి బేస్ గిటారు నేను కొనిస్తా, అయితే వాయించేది నేనే" అన్నా. ఆయన గడ్డం గోక్కున్నాడు. "క్రిస్మస్ నాటికి అది మోగాల. మోగితే నా పక్కన స్టూలేసుకుని కూర్చో. మోగకపోతే మళ్ళీ నీ వరసలోకి పోయి పెదాలు ఆడించుకో" అన్నాడు. సరేనన్నా. జీతం బకాయిలు వచ్చి ఉన్నాయి, ఆ ధైర్యం.

ఇక కొనటం ఎవరు? మా ఇంట్లో ఏ బేరమైనా మా అన్నదే. ఆయన ఎడ్ల బేరగాడు. మాచర్ల నించి వినుకొండ దాకా సంతల్లో ఎద్దు పళ్ళు చూసి, సుడులు చూసి, బేరం తెంచేవాడు. ధర నోటితో చెప్పటం ఉండదు. కొనేవాడి చెయ్యి, అమ్మేవాడి చెయ్యి కలిపి పైన తుండుగుడ్డ కప్పుతారు, లోపల వేళ్ళు పట్టుకుని మాట్లాడుకుంటారు. అయితే ఆ ముందటేడు ఆయన చూసి కొనిపెట్టిన ఎద్దొకటి సాలు మధ్యలో పడుకుని, కర్ర విరిగినా లేవలా. అప్పటి నించి మా అన్నను పిలిచేవాళ్ళు తగ్గారు. అరుగు మీద కూర్చుని పోయేవాళ్ళ ఎడ్లకు వంకలు పెట్టుకుంటూ ఉండేవాడు పాపం.

సంగతి చెప్తే ఇంతెత్తున లేచాడు. "గిటారా? ఆ డబ్బుకు పాడిగేదె వస్తదే!"

"గేదె పాట పాడదన్నా."

"గిటారు పాలిస్తదా?"

వదిన మధ్యలోకొచ్చి, "దాని డబ్బు, దాని ఇష్టం. నువ్వు చూసిపెడతావా, లేక అది పోయి ఏ మోసగాడి చేతిలోనో పడాలా?" అన్నది. మోసగాడనే మాటతో మా అన్న చెప్పులు తొడుక్కున్నాడు.

"నీకు గిటారు గురించి ఏం తెలుసన్నా?" అని దారిలో అడిగా.

"ఏమే, అమ్మేవాడు ఎక్కడైనా అమ్మేవాడే. ఎద్దైనా గిటారైనా, వాడు ఏది దాస్తున్నాడో అది చూడాల. అంతే విద్య."

ముందు మాచర్ల పోయాం. అక్కడ రికార్డింగ్ డాన్సు కంపెనీ నడిపే ఒకాయన దగ్గర ఒక బేస్ గిటారు అమ్మకానికుందని విన్నా. ఎర్రగా మెరుస్తా ఉన్నది. నా కళ్ళు చెదిరినై. మా అన్న మాత్రం తుండుగుడ్డ కొస తడిపి మెడ మొదట్లో గట్టిగా రుద్దాడు. రంగు గుడ్డకంటింది, కింద నెర్రె బయటపడింది. "కొమ్ములకు రంగేసిన గొడ్డును ముందు కడిగి చూడాల" అన్నాడు నాతో. తరవాత గిటారును కంటి దగ్గర పెట్టుకుని, ఒక కన్ను మూసి, నాగలి ఏడికోల కర్ర వంకర చూసినట్టు కొస దాకా చూశాడు. మెడ మెలిపడింది. నేనూ ఊరుకోలా, ఒక్కో తీగనూ ఒక్కో మెట్టు మీద నొక్కి మీటుకుంటా పోయా. ఒకచోట రెండు మెట్లకూ ఒకటే స్వరం.

"ఎందుకు అమ్ముతున్నావు?" అని అన్న అడిగాడు. ఆయన భార్యకు ఒంట్లో బాగాలేదన్నాడు, కంపెనీ మూసేస్తున్నానన్నాడు, కొత్తది వస్తుందన్నాడు, అసలు అమ్మాలని లేదన్నాడు. మా అన్న లేచాడు. బయటికొచ్చాక, "ఒక కారణం చెప్పినోడి దగ్గర కొనాల. నాలుగు కారణాలు చెప్పినోడి సరుకుకు ఎనిమిది రోగాలుంటాయి" అన్నాడు. నాకు మా అన్న మీద గౌరవం పెరిగింది, అబద్ధమెందుకు.

విజయపురి సౌత్‌లో ఆ దొరే తన గిటారు అమ్ముతున్నాడని హిందీ టీచరు కబురు తెచ్చింది. ఆయన చెప్పిన కారణం ఒకటే, ఆస్ట్రేలియా పోతున్నాడు. గిటారు గోధుమరంగుది, అంచుల దగ్గర గీతలు. మెడ వెనక చెయ్యి ఆనేచోట మెరుగంతా పోయి కర్ర బయటపడింది. అది చూసి నేను మొహం ముడిస్తే మా అన్న మొహం విప్పాడు. "కాడి మోసి కాయ కాసిన మెడ. ఇది పనిచేసిన గొడ్డే, మూలన పడున్నది కాదు." మెడ చక్కగా ఉంది. తీగలు బిగించే బిరడలు తిప్పితే బిగుతుగా తిరిగినై, వదిలితే జారలా. గిటారు పట్టీ నా భుజానికి తగిలించి, "నడువ్" అన్నాడు.

"నడవటమెందుకన్నా?"

"బరువు ఒకపక్కకే లాగుతుందేమో చూడొద్దా? నడువ్."

వరండాలో ఆ కొస నించి ఈ కొసకు నాలుగుసార్లు నడిపించాడు. దొర కళ్ళప్పగించి చూశాడు. తరవాత ఆయన గిటారుకు ఒక నల్లవైరు తగిలించి, రెండో కొస పాత రేడియో వెనక గుచ్చి మీటాడు. అలమరలో గ్లాసులు కదిలినై. ఆ మోతకు నా మొహం ఎట్లా వెలిగిందో ఏమో, మా అన్న నా కాలు తొక్కి, "ఇష్టం కనపడనీకే, ధర పెరుగుద్ది" అని గొణిగాడు. అప్పుడు కొనకుండానే నన్ను బయటికి తీసుకొచ్చేశాడు. "రేపు చెప్పకుండా వద్దాం. బేరానికి కట్టేసిన రోజు ప్రతి ఎద్దూ బుద్ధిగానే నిలబడుద్ది."

మర్నాడు చెప్పకుండా పోతే దొర లుంగీ కట్టుకుని కూర్చుని దాన్నే వాయించుకుంటున్నాడు. అదే మోత. మా అన్న తృప్తిగా తుండుగుడ్డ తీసి దొర చేతి మీద కప్పి, లోపల వేళ్ళు పట్టుకున్నాడు. దొర బెదిరిపోయాడు. చెయ్యి లాక్కుంటే మా అన్న ఇంకా గట్టిగా పట్టుకుంటాడు, బేరంలో లాక్కోవటమంటే చాలదని అర్థం కదా! దొర నా వైపు చూసి, "ఎందుకు పట్టుకుంటాడు?" అన్నాడు. చెప్పేలోపల తల ఊపేశాడు. ఆయన ఆ ధరకు ఒప్పుకున్నది చెయ్యి విడిపించుకోవటానికేనని ఇప్పటికీ నా అనుమానం. ఏమైనా చానా చవగ్గా వచ్చింది.

తప్పు జరిగింది ఆ తరవాత. మా వైపు గొడ్డును అమ్మినవాడు దాని మెడలో కట్టిన తన పలుపుతాడు తాను విప్పుకుంటాడు, కొన్నవాడు కొత్త పలుపు తెచ్చుకుంటాడు. పాత పలుపుతో తోలుకొస్తే గొడ్డు మనసు పాత కొట్టం మీదే ఉంటుంది, అమ్మినవాడి ఇంటి కలిమి ఆ పలుపుతోపాటు వెళ్ళిపోతుంది. ఇద్దరికీ చెడుపే. దొర ఆ నల్లవైరు చుట్టచుట్టి ఇస్తే మా అన్న తిరిగి ఆయన చేతిలో పెట్టాడు. దొర మళ్ళీ ఇచ్చాడు. మా అన్న మళ్ళీ పెట్టాడు. "ఇది ముఖ్యం" అని దొర వచ్చిన తెలుగులో మొత్తుకున్నాడు. "అందుకే ఉంచుకో దొరా. సముద్రాలు దాటి పోతున్నావు, నువ్వూ చల్లగా ఉండాల" అని మా అన్న ఆయన పిడికిలి మూశాడు. నేను పక్కనే ఉన్నా. చదువుకున్నదాన్ని, టీచర్ని. వైరేగా, ఎక్కడైనా దొరుకుద్దిలే అనుకుని తల కూడా ఊపా. నా తల మీద నేనే మొట్టుకోవాల.

ఇంటికొచ్చాక వదిన గడపలో నీళ్ళు పోసి, "గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ అంటారు" అని లోపలికి రమ్మన్నది. వీధంతా మా వాకిట్లోనే. నేను మంచం మీద కూర్చుని మీటా.

టిక్కు.

ఇంకోసారి మీటా. టిక్కు టిక్కు. కందిపప్పులో రాళ్ళేరితే ఇంకా గట్టిగా వినపడుద్ది. జనం నా వైపు, నేను మా అన్న వైపు. ఆయన ఏమీ జంకలా. "కొత్త చోటు కదా. రెండ్రోజులు బెదురుంటది. పొండి పొండి, మీ అందరినీ చూసే బెదిరింది" అని వీధిని తోలేశాడు.

శనివారం నేనొక్కదాన్నే విజయపురి సౌత్ పరిగెత్తా. క్వార్టరుకు తాళం. దొర మద్రాసు పోయాడు, అట్నించి ఓడ ఎక్కుతాడు. అట్నించి అటే మాచర్ల పోయి, పండగలకు మా గుడికి మైకుసెట్టు పెట్టే కుర్రాణ్ణి పట్టుకున్నా. గిటారు గురించి చెప్తే నోరెళ్ళబెట్టాడు. "అక్కా, వైరు లేకుండా ఎట్లా తెచ్చారు? ఆ పిన్ను మన దగ్గర దొరకదు. మద్రాసుకు రాస్తా, ఎప్పుడొస్తదో చెప్పలేను. లేకపోతే చెక్క విప్పి లోపల వైరు కాల్చి అంటిస్తా." "నీ మైకులు కాల్చుకో, దాని జోలికొచ్చావంటే చూడు" అని వచ్చేశా.

ఆ రాత్రి అన్నం సయించలా. క్రిస్మస్‌కు నెల కూడా లేదు. మోగకపోతే మళ్ళీ ఆ వరసే, ఆ పెదాలే. అయినా పట్టు వదలకుండా రోజూ బడి నించి రాగానే తలుపేసుకుని సాధన చేసేదాన్ని. తీగ పలకదు కాబట్టి అది పలకాల్సింది నేనే గొంతులో పలికేదాన్ని, నోరు మూసుకుని, మ్మ్... మ్మ్... అని. వేలు ఎక్కడ పడితే గొంతు అక్కడికి దిగేది. అట్లా వారమైంది. ఒకరోజు ఒళ్ళు మరిచి కాస్త గట్టిగానే పలికినట్టున్నా, పెరట్లోంచి మా అన్న కేక పెట్టాడు. "బెదురు పోయిందే! విన్నారా? బెదురు పోయింది!"

తలుపు తీసేలోపల వీధిలోకి పరిగెత్తాడు. అరుగు అరుగుకూ చెప్పుకుంటా పోయాడు. వదిన నవ్వుతా, "మీ అన్న ఇవాళ రెండు ముద్దలు ఎక్కువ తింటాడు" అన్నది. తిన్నాడు కూడా. ఇక నేనేం చెప్పను? కుడితిలో పడ్డ ఎలకనైపోయా.

పండగనాడు పొద్దుటి పూజకు గుడి కిక్కిరిసింది. మాస్టారి పక్కన స్టూలేసుకుని గిటారు ఒళ్ళో పెట్టుకున్నా. మైకు కుర్రాడు వంగి, "అక్కా, వైరు లేదుగా?" అన్నాడు చిన్నగా.

"నీ పని నువ్వు చూసుకో. మైకు కాస్త పైకి జరుపు."

"గిటారు కిందుంటే పైకెందుకక్కా?"

"జరపమన్నానా?"

వాడు నా మొహం చూశాడు, మైకు చూశాడు, అర్థమై పెదవి కొరుక్కున్నాడు. సరిగ్గా నా గడ్డం కిందకు జరిపాడు. వాడి మేలు మరిచిపోను.

పాట ఎత్తుకున్నారు. నేను తల వంచుకుని, వేళ్ళు తీగల మీద ఆడిస్తా, నోరు మూసుకుని మోగా. గుడి గోడలు మోగినై. ఎప్పుడూ పైకి పోయి తెగిపోయే పిల్లల గొంతులు ఆ మోతను పట్టుకుని దారిన పడ్డాయి. మాస్టారు హార్మోనియం మీద కళ్ళు మూసుకున్నాడు. పూజయ్యాక బయటికొచ్చి అందరి ముందూ, "గిటారంటే ఇట్లాంటిది కొనాలయ్యా. ఏం పలుకు! ఏం పలుకు!" అని మా అన్న భుజం తట్టాడు. మా అన్న తుండుగుడ్డ ఈ భుజం మీంచి ఆ భుజం మీదకు మార్చుకున్నాడు. నాకు చానా సంతోషమైంది, అంతకంతా మండింది కూడా. మెచ్చుకుంది నా గొంతును, మెప్పు పోయింది చెక్కకు.

తరవాత ప్రతి ఆదివారం అదే తంతు. ఈస్టరు దాకా. పక్క ఊళ్ళ వాళ్ళు గిటారును చూడ్డానికొచ్చి తడిమి పోయేవాళ్ళు. ఈపూరు నించి అక్కడి గుళ్ళో పాఠాలు చెప్పే ఉపదేశి ఒకాయన వచ్చి, తమ గుడికి హార్మోనియం చూసిపెట్టమని మా అన్నను బతిమాలాడు. ఎడ్ల బేరాలు కూడా మళ్ళీ రావటం మొదలైంది. నిజం చెప్దామని నేను నోరు తెరిచినప్పుడల్లా ఆయన తలకు నూనె రాసుకుని సంతకు బయల్దేరుతా కనపడేవాడు. మూసుకునేదాన్ని.

ఈస్టరునాడు పూజకు ముందు, జనమంతా కూర్చున్నాక పాట ఒకసారి సరిచూసుకుంటున్నాం. మైకు కుర్రాడు గుమ్మంలోంచి, "అక్కా! మద్రాసు నించి వైరొచ్చింది!" అని అరుచుకుంటా వచ్చాడు. పాపం, నా కష్టం తీర్చాననే వాడి సంబరం. నేను కళ్ళతో వద్దంటున్నా చూసుకోలా. గిటారుకు గుచ్చి మైకుసెట్టుకు కలిపాడు. మైకు ఇక దీనికెందుకని తీసి అవతల పెట్టాడు. మాస్టారు "ఊఁ" అన్నాడు. మీటక తప్పలా.

జుయ్యిమని ఒక రొద, దాంట్లోంచి ధబ్బు ధబ్బుమని మోత. నిజానికి మంచి మోతే, దొర ఇంట్లో విన్న మోతే. కానీ జనం విన్నది అది కాదుగా. మాస్టారు ఆపాడు. "ఏందిది? మొన్నటిది కాదే." వెనక నించి ఒకరు, "పలుకు మారింది" అన్నారు. ఇంకొకాయన, ఆ సాలు మధ్యలో పడుకున్న ఎద్దు తాలూకు ఆసామి, లేచి నిలబడి, "మారింది పలుకు కాదు, గిటారే. బేరగాడు మంచిదాన్ని అమ్ముకుని నాసిదాన్ని తెచ్చిపెట్టాడు" అన్నాడు.

బేరగాణ్ణి ఎన్నైనా అనొచ్చు, గొడ్డును మార్చాడని మాత్రం అనకూడదు. మా అన్న లేచాడు. "గుళ్ళో నిలబడి చెప్తున్నా, నేను మార్చలా" అన్నాడు. ఆయన నా వైపు చూశాడు, నువ్వైనా చెప్పవే అన్నట్టు.

చెప్తే నా స్టూలు పోతుంది. ఎనిమిదేళ్ళ వరస మళ్ళీ మొదలు. లేచి నిలబడి, బళ్ళో అరిచినట్టు అరిచా.

"గిటారు మారలా! ఇన్నాళ్ళూ అది మోగనే లేదు. మీరు విన్నది నన్ను. క్రిస్మస్‌నాడూ నేనే, ఆదివారాలూ నేనే. వైరు వదిలేసొచ్చాం, చెప్పటానికి సిగ్గేసి గొంతుతో మోగా. ఇక ఏమనుకుంటారో అనుకోండి!"

మా అన్న, "అయితే బెదురు పోలేదా?" అన్నాడు. ఆడవాళ్ళ వైపు ఎవరో కిసుక్కుమన్నారు, ఆ వెంటనే గుడంతా నవ్వింది. నిందేసిన ఆసామి కూడా తల దించుకుని నవ్వుతా కూర్చున్నాడు. మాస్టారు ఒక్కడే నవ్వలా. కళ్ళద్దాలు తీసి పంచె కొసతో తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"ఎనిమిదేళ్ళు" అన్నాడు తనలో తనే. తరవాత మైకు కుర్రాడి మీద విరుచుకుపడ్డాడు. "ఒరేయ్, ఆ వైరు పీకెయ్! టీచరమ్మా, ఆ చెక్క అవతల పెట్టు. మగాళ్ళ వరసలోకి పోయి నిలబడు. ఒరేయ్, మీరు జరగండి, దారివ్వండి. నోరు తెరిచి పాడు. పెద్దగా."

గిటారు స్టూలు మీద పెట్టి, గుడి మధ్యలో నించి ఆ పక్కకు నడిచా. మగాళ్ళు జరిగి చోటిచ్చారు. మాస్టారు పాట ఎత్తుకున్నాడు. నేను నోరు తెరిచా, కానీ మొదటి చరణమంతా ఏడుపులోనే పోయింది. రెండో చరణానికి అందుకున్నా.